అడ్డం నిలబడే పని

బస్సు డిపోలో టైర్లు విప్పి బిగించే ఆ మేస్త్రీకి గోడ అని పేరు పెట్టింది స్టోర్స్ గుమాస్తా. ఆ గుమాస్తాయే డిపో ఫుట్‌బాల్ టీముకి కోచ్ కూడా కావడంతో అందరూ ఆయన్ని మాస్టారు అనేవాళ్ళు. టీములో చేరిన మొదటి ఆదివారమే మేస్త్రీని ఫ్రీ కిక్‌కి అడ్డంగా నలుగురి వరసలో నిలబెట్టారు. అవతలివాడు పది గజాల దూరం నుంచి ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. వరసలో ముగ్గురూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. మేస్త్రీ తిప్పుకోలేదు. బంతి సూటిగా వచ్చి ముక్కు మీద తగిలింది. కారుతున్న రక్తాన్ని చొక్కా చేతికి తుడుచుకుంటూ, "బంతి బయటికి పోయిందా, ఇంకా ఆటలోనే ఉందా?" అని అడిగాడట. గీత అవతల మాస్టారు గంతులేశారు.

"మనిషి కాదురా వీడు, గోడ!"

ఆ రోజు నుంచి కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అది పదకొండేళ్ళ కిందటి మాట. ఇప్పుడు గోడకి ముప్ఫై ఏడు. పొట్టిగా, దిట్టంగా ఉంటాడు. పరుగులో వేగం లేదు, కాళ్ళలో నేర్పు లేదు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. మాస్టారు అతనికి రెండు పనులు అప్పజెప్పారు. అవతలివాళ్ళకి కార్నర్ కిక్ దొరికితే మన గోల్ దగ్గరి పోస్టు ముందు నిలబడాలి. ఆ మూలకి దూసుకొచ్చే ప్రతి బంతినీ తలతోనో ఛాతీతోనో బయటికి నెట్టెయ్యాలి. కార్నర్ మనకి దొరికితే మాత్రం, అడ్డం నిలబడాలి.

ఈ రెండో పని గురించి కాస్త చెప్పుకోవాలి. డిపో టీములో తలతో గోల్ కొట్టేవాడు ఒకడున్నాడు. దూరప్రయాణాల బస్సు డ్రైవరు. ఆరడుగుల మనిషి, ఎగిరితే గాలిలో కాసేపు ఆగిపోయాడా అనిపిస్తుంది. అతన్ని అందరూ హీరో అని పిలుస్తారు. అతను గోల్ కొడతాడని ఊరంతటికీ తెలుసు కాబట్టి అవతలి టీము తమలో గట్టివాణ్ణి ఏరి అతనికి అంటించేస్తుంది. వాడు నీడలా తిరుగుతాడు. ఆ నీడని వదిలించడమే గోడ పని. ఎడమకాలితో కార్నర్లు తన్నే కండక్టరు చెయ్యి పైకెత్తగానే హీరో పరుగెత్తుతాడు. గోడ భుజాన్ని రాసుకుంటూ అతని వెనకనుంచి చుట్టి వస్తాడు. వెంటపడ్డవాడు వచ్చి గోడని గుద్దుకుంటాడు. వాడు తేరుకునేలోగా హీరోకి రెండడుగుల ఖాళీ దొరుకుతుంది. ఆ రెండడుగులు చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. గోడ కదిలి ఎదురెళ్ళి అడ్డుపడితే రిఫరీ ఫౌల్ ఊదేస్తాడు. ముందే వచ్చి, కదలకుండా నిలబడి ఉంటే తప్పు పట్టడానికి లేదు. అంటే అరవై డెబ్భై కిలోల మనిషి మీదికి పరుగెత్తుకొస్తున్నా కళ్ళు మూసుకోకూడదు, చేతులు అడ్డం పెట్టకూడదు, పక్కకి తప్పుకోకూడదు. హీరో టీములోకి వచ్చిన ఆరేళ్ళలో గోడకి రెండుసార్లు పక్కటెముకలు చిట్లాయి. కుడికాలి బొటనవేలి గోరు ఎప్పుడు చూసినా నల్లగానే ఉండేది. మోచేతి పోట్లు తిని తిని పొట్ట కమిలిపోయేది. హీరో ఆ ఆరేళ్ళలో తలతో ముప్ఫై ఒక్క గోల్స్ కొట్టాడు. అందులో ఇరవై ఆరు గోడ భుజం పక్కనుంచి వెళ్ళి కొట్టినవే. గోడ పేరు మీద ఉన్నది ఒకే ఒక్క గోల్. అది కూడా పొరపాటున సొంత గోల్‌లోకి కొట్టింది.

దీనికి గోడ ఏనాడూ బాధపడలేదు. పని పనే కదా అనుకునేవాడు. కోపం మొదలైంది హీరోకి డ్యూటీలు వేసే కంట్రోలర్‌గా ప్రమోషన్ వచ్చిన రోజున.

ఆటల కోటాలో వచ్చింది ప్రమోషన్. గ్యారేజీ ముందు టార్పాలిన్ కట్టి, కుర్చీలు వేసి సభ పెట్టారు. డిపో మేనేజరు కాగితం చూసి ఒక్కొక్కరికీ ధన్యవాదాలు చదివాడు. కార్నర్లు తన్నే కండక్టరు పేరు చదివాడు, గోల్‌కీపరు పేరు చదివాడు, టీముని మైదానానికి తీసుకెళ్ళే మినీబస్సు డ్రైవరు పేరు చదివాడు, చివరికి జెర్సీల మీద నంబర్లు కుట్టిన టైలరు పేరు కూడా చదివాడు. గోడ పేరు రాలేదు. హీరో మైకు పట్టుకుని, "నాకెవరూ గాడ్‌ఫాదర్లు లేరు. నా తలే నాకు అండ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గోడ కూడా కొట్టాడు. రెండు కొట్టేసరికి చేతులు ఆగిపోయాయి.

అయినా సరిపెట్టుకునేవాడే. కానీ ఆ తర్వాతి వారం, మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళ, హీరో కొత్త యూనిఫాంలో, చేతిలో అట్టతో టైర్ల సెక్షన్లోకి వచ్చాడు. గోడ బస్సు కింద సగం దూరి జాకీ పెడుతున్నాడు. వేరే డిపోనుంచి బదిలీ మీద వచ్చిన మెకానిక్ ఒకతను పక్కన స్పానర్ పట్టుకుని నిలబడి, మాటల్లో మాటగా, "నువ్వు కూడా టీములో ఆడతావా అన్నా?" అని అడిగాడు.

గోడ జవాబు చెప్పేలోపే హీరో అందుకున్నాడు.

"ఎక్కడ ఆడతాడు! నిలబడతాడు. ఆరేళ్ళుగా చూస్తున్నా, ఊరికే నిలబడతాడు. కొట్టింది ఒకే ఒక్క గోల్, అది కూడా మనకే!"

సెక్షన్లో ఏడుగురు ఉన్నారు. ఏడుగురూ నవ్వారు. టైరు మీద చెయ్యేసుకుని, కడుపు పట్టుకుని నవ్వాడొకడు. హీరో కూడా నవ్వుతూ గోడ బూటుని తన బూటుతో తట్టి, "ఏం గోడా, తప్పా?" అన్నాడు. అందులో ద్వేషమేమీ లేదు. అదే గోడకి ఇంకా మంటెక్కించింది. ద్వేషం ఉంటే బస్సు కిందనుంచి బయటికొచ్చి కాలర్ పట్టుకునేవాడు. నిజంగా అలా అనుకునే అన్నవాణ్ణి ఏం చేస్తాడు?

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని నెట్టేశాడు. భార్య ఆసుపత్రిలో ఆయా. అప్పుడే డ్యూటీ దిగొచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని బొత్తాం కుడుతోంది. ఆవిడకి అల్లుడి టీము ఆట అంటే ప్రాణం. ఆదివారం వస్తే మడత కుర్చీ చంకన పెట్టుకుని అందరికంటే ముందు మైదానానికి చేరుతుంది. రిఫరీలకి ఆవిడంటే హడల్.

"ఏమైందయ్యా?" అంది భార్య.

"నేను ఊరికే నిలబడతానట."

"ఎవరన్నారు?"

"ఎవరి కోసం నిలబడుతున్నానో వాడే అన్నాడు!" గోడ కాలు ముందుకి చాపాడు. "నా డొక్కలు విరగ్గొట్టుకుని వాణ్ణి కంట్రోలర్ని చేశాను. ఏడుగురి ముందు నవ్వులపాలు చేశాడు నన్ను. నా కాలి గోరు చూడు. అది ఊరికే నిలబడితే వచ్చిందా?"

"మరి ఆ మాటేదో అక్కడే అనొచ్చుగా?"

"ఏమనను? 'అయ్యా, నేను చాలా బాగా నిలబడతాను' అనా?"

అత్తగారు దారం కొరుకుతూ అల్లుడి వంక చూసింది.

వచ్చే ఆదివారం లీగులో ఆఖరి మ్యాచ్. సిమెంటు ఫ్యాక్టరీ టీముతో. డ్రా చేసుకున్నా కప్పు డిపోదే. ఫ్యాక్టరీ టీములో హీరోకి కాపలా పెట్టే డిఫెండరు ఒకడున్నాడు. బుల్‌డోజర్ అంటారు వాణ్ణి. దురుసుతనం ఏమీ లేదు, కానీ బంతి కనిపిస్తే మధ్యలో ఏముందో చూడడు.

వారమంతా గోడ లోలోపల ఉడుకుతూనే ఉన్నాడు. నట్లు బిగిస్తుంటే స్పానర్ కిర్రుమనేది. పక్కవాళ్ళు "చాల్లే అన్నా, మళ్ళీ విప్పేది మనమేగా" అనేవాళ్ళు. ఏం చెయ్యాలో మాత్రం అతను ముందుగా అనుకోలేదు. తర్వాత ఎవరెన్నిసార్లు అడిగినా ఆ మాటే చెప్పాడు, అది నిజం కూడా.

ఆట రెండో సగంలో, స్కోరు చెరొకటి ఉండగా, డిపోకి కార్నర్ దొరికింది. గోడ అలవాటు చొప్పున గోల్ ముందున్న చిన్న బాక్సు గీతకి రెండడుగుల ఇవతల నిలబడ్డాడు. కండక్టరు బంతి సర్దుకుంటున్నాడు. హీరో పక్కనుంచి వెళుతూ, "సరిగ్గా నిలబడు గోడా, అదొక్కటేగా నీకొచ్చింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

కండక్టరు చెయ్యెత్తాడు. హీరో పరుగందుకున్నాడు. ఎప్పట్లాగే గోడ భుజాన్ని రాసుకుని వెనకనుంచి చుట్టాడు. ఆ వెనకే బుల్‌డోజర్ వస్తున్నాడు. వాడి బూట్ల చప్పుడు గోడకి వినిపిస్తోంది.

గోడ ఒక్క అడుగు పక్కకి వేశాడు.

అంతే. బుల్‌డోజర్ ఆ ఖాళీలోంచి దూసుకుపోయాడు. ఇద్దరూ ఒకేసారి ఎగిరారు. హీరో కళ్ళు బంతి మీదే ఉన్నాయి, పక్కన ఎవరూ ఉండరనే ధీమాతో ఎగిరాడు. బుల్‌డోజర్ నుదురు వచ్చి అతని చెంప ఎముకకి తగిలింది. ఎండుకర్రని మోకాలి మీద పెట్టి విరిస్తే వచ్చే చప్పుడొచ్చింది. హీరో కింద పడి లేవలేదు. ఒక చెంప లోపలికి పోయింది. కన్ను చూస్తుండగానే మూసుకుపోయింది. రిఫరీ ఫౌల్ ఇవ్వలేదు. ఇద్దరూ బంతి కోసమే ఎగిరారన్నాడు, అదీ నిజమే. బుల్‌డోజర్ తన నుదురు పట్టుకుని, "నేను కావాలని చెయ్యలేదన్నా, కావాలని చెయ్యలేదు" అని ఏడుపు గొంతుతో అంటున్నాడు. గోడ వాడి పక్కనే నిలబడి ఉన్నాడు.

స్ట్రెచర్ వెళ్ళిపోయింది. ఆట మళ్ళీ మొదలైంది. చివరి నిమిషంలో ఫ్యాక్టరీకి బాక్సు అంచున ఫ్రీ కిక్ దొరికింది. గోడ వరసలో నడిమి మనిషి. బంతి రివ్వున వచ్చింది. అతను కదల్లేదు. నిజానికి ఆ బంతి తన తల పగలగొట్టినా బాగుండునని అనిపించింది. గుండెల మీద తగిలి బయటికి పోయింది. విజిల్ మోగింది. కప్పు డిపోకి వచ్చింది.

పదకొండేళ్ళలో మొదటిసారి టీమంతా గోడని భుజాల మీదికి ఎత్తుకుంది. "గోడ! గోడ!" అని అరుపులు. "దింపండ్రా" అన్నాడు. వినలేదు. "దింపండిరా, మీకు సిగ్గులేదా!" అని గొంతు చించుకుని, పైన ఉన్నవాడు ఉన్నట్టే కాళ్ళు తన్నుకుంటే అప్పుడు దింపారు. హీరో గురించి బాధపడుతున్నాడు పాపం అనుకున్నారు.

ఇంటికి నడుస్తుంటే అత్తగారు కుర్చీ అతని చేతికిచ్చి పక్కనే నడిచింది. రెండు వీధులు దాటాక అంది.

"నువ్వు జరిగావు."

"లేదు."

"అల్లుడూ, మైదానంలో అందరూ బంతిని చూస్తారు. నేను నిన్ను చూస్తాను. ఆరేళ్ళుగా నిన్నే చూస్తున్నా. నువ్వు జరిగావు."

గోడ ఆగిపోయాడు. కుర్చీ నేల మీద ఆనించి, "జరిగాను" అన్నాడు.

"దెబ్బ తగలాలనా?"

"కాదత్తయ్యా. వాడికి గోల్ రాకూడదని. ఒక్కసారి... ఒక్కసారి నేను లేకపోతే ఏమవుతుందో చూద్దామని."

"చూశావుగా" అంది ఆవిడ. కుర్చీ మళ్ళీ తనే తీసుకుని ముందు నడిచింది. ఆ రోజు నుంచి అల్లుడితో మాటలు మానేసింది.

మర్నాడు భార్య ఆసుపత్రినుంచి కబురు తెచ్చింది. చెంప ఎముక మూడు ముక్కలైంది. లోపల రేకు పెట్టి బిగించారు. కంటికి ప్రమాదం లేదు. నాలుగు నెలలు ఆట మాట ఎత్తకూడదు.

"చూడటానికి నాలుగింటికి పంపిస్తారు" అంది. అత్తగారు కూతురికి అప్పటికే చెప్పేసినట్టుంది. "వెళ్ళి నీ నోటితో నువ్వే చెప్పు. నేను వార్డులోనే ఉంటాను గానీ మధ్యలోకి రాను."

గోడ వెళ్ళాడు. మంచాలు వరసగా ఉన్న పొడుగాటి గది. హీరో మొహం సగం కట్టులో ఉంది, మిగతా సగం ఊదారంగుకి తిరిగింది. స్ట్రా పెట్టుకుని ఏదో తాగుతున్నాడు. గోడ స్టూల్ మీద కూర్చోలేదు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాట ఒక్క గుక్కలో అనేశాడు.

"నిన్న నేను అడ్డం నిలబడలేదు. కావాలనే తప్పుకున్నాను. అందుకే వాడు నీ దాకా వచ్చాడు."

హీరో తెరిచి ఉన్న ఒక్క కన్నుతోనే అతన్ని చూశాడు. దవడ కదలక మాట ముద్దముద్దగా వచ్చింది.

"అడ్డం ఏంటి?"

"కార్నర్ అప్పుడు. ఎప్పుడూ నిలబడతాగా, అలా నిలబడలేదు."

"నువ్వెప్పుడు అడ్డం నిలబడ్డావు?"

గోడ వెక్కిరింపేమోనని చూశాడు. కాదు. ఆ కంటిలో నిజంగా ఏమీ తెలియని చూపు ఉంది.

"గోడ వెనకనుంచి చుట్టి వెళ్ళు, అక్కడ ఖాళీ ఉంటుంది అని మాస్టారు చెప్పారు" అన్నాడు హీరో. "వెళ్ళేవాణ్ణి. ఖాళీ ఉండేది."

"ఖాళీ దానంతటదే ఉండేదనుకున్నావా?"

హీరో స్ట్రా వదిలేశాడు. మెల్లగా విషయం బుర్రకెక్కుతోందని తెలుస్తూనే ఉంది. ముందు తెల్లబోయాడు, తర్వాత అతని చెయ్యి దుప్పటిని పిడికిట్లో బిగించింది.

"అంటే నువ్వు... కావాలని... నా మొహం చూడు! నా పిల్ల నన్ను చూసి జడుసుకుని బయటికి పరుగెత్తింది, తెలుసా? పో. పో ఇక్కణ్ణుంచి!"

గోడ పోలేదు. క్షమించమని అడగడానికే వచ్చాడు. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"పోతాను. తప్పు చేశాను, ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను. కానీ ఆరేళ్ళు నా డొక్కలు నీ కోసం విరిగాయి, నువ్వొక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు! ఇరవై ఆరు గోల్స్! ఒక్కసారి కూడా నీకు అనుమానం రాలేదా, వీడెందుకు ప్రతిసారీ కింద పడి ఉంటున్నాడని?"

పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ భార్య వచ్చి అతని మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది.

అక్కణ్ణుంచి నేరుగా డిపోకి నడిచాడు. మాస్టారు స్టోర్స్‌లో, ఆయిల్ ఫిల్టర్ల అరల మధ్య, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో లిస్టు సరిచూస్తున్నారు. గోడ బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఆరేళ్ళు ఆ మనిషికి ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

మాస్టారికి ఏ సంగతో వివరించాల్సిన పనిలేకపోయింది.

"చెబితే పరుగెత్తేటప్పుడు నీ వైపు చూస్తాడు. వాడు చూస్తే వెంటపడేవాడు కూడా చూస్తాడు. వెంటనే పసిగట్టేస్తారు. పైగా..." ఆయన కళ్ళజోడు తీశారు. "వాడు అంతా తన గొప్పే అనుకుంటేనే అంత ఎత్తు ఎగురుతాడు. కొందరు అంతే."

"మరి నేను?"

"నీకేం?"

"నా పేరు మేనేజరు చదివిన కాగితంలో లేదు. ఆ కాగితం రాసింది మీరే. టైలరు పేరు గుర్తొచ్చింది మీకు!"

మాస్టారు ఇబ్బందిగా నవ్వారు. "నీకు మెప్పులూ గిప్పులూ అక్కర్లేదురా. నువ్వు ఎవరూ చెప్పకపోయినా నిలబడతావు."

గోడకి ఒళ్ళంతా భగ్గుమంది. ఎదురుగా ఉన్న అరని ఒక్క తోపు తోశాడు. ఫిల్టర్ల పెట్టెలు ధనధనా నేల మీద పడ్డాయి. ఒకటి దొర్లుకుంటూ మాస్టారి కుర్చీ కిందికి పోయింది.

"నిన్న నిలబడలేదు! వినబడిందా? కావాలనే నిలబడలేదు. మీరు నమ్ముకున్న గోడ జరిగింది!"

మాస్టారి మొహం పాలిపోయింది. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారు. "గట్టిగా అనకు. ఎవరికీ తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. కప్పు వచ్చింది. నోరు మూసుకుని ఊరుకో."

"ఊరుకుని ఊరుకునే ఇంతదూరం వచ్చింది" అని గోడ తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. పడ్డ పెట్టెలు ఏరలేదు.

బుధవారం ప్రాక్టీసుకి అందరూ చేరాక, బట్టలు మార్చుకునే షెడ్డులో నిలబడి చెప్పేశాడు. ఏం చేశాడు, ఎందుకు తప్పుకున్నాడు, బస్సు కింద ఉన్నప్పుడు విన్న మాట, అన్నీ. సభలో పేరు రాకపోవడం కూడా చెప్పాడు. చెబుతుంటే అది చిన్నపిల్లల అలకలా వినబడింది తనకే. అయినా దాచలేదు. కండక్టరు తన బూటు తీసి నేలకేసి కొట్టాడు.

"నీకు కోపముంటే వాడి మొహాన తిట్టు. నన్ను తిట్టు. నేను తన్నిన బంతి అది! నా బంతికి ఒక మనిషి చెంప పగిలిందని మూడు రోజులుగా నిద్ర లేదు నాకు. నువ్వేమో మా భుజాలెక్కి ఊరేగావు!"

"నేనెక్కలేదు. మీరే ఎక్కించారు."

"దిగావా మరి? నోరు విప్పి చెప్పావా?"

గోల్‌కీపరు మాత్రం తల వంచుకుని, "గోడ అడ్డం పెడతాడని నాకు తెలుసు. నాకు వెనకనుంచి అంతా కనిపిస్తుంది. అయినా ఏనాడూ నేనూ అనలేదు" అన్నాడు. చేతులెత్తి తేల్చుకున్నారు. వచ్చే సీజన్లో మొదటి పది మ్యాచ్‌లకి గోడని పక్కన పెట్టాలని తేలింది. గోల్‌కీపరు చెయ్యెత్తలేదు. గోడ తన చెయ్యి కూడా ఎత్తాడు, తనని పక్కన పెట్టాలనే.

ఆ పది ఆదివారాలూ అతను అత్తగారి పక్కన సిమెంటు మెట్టు మీద కూర్చున్నాడు. అవతలివాళ్ళకి కార్నర్ వస్తే దగ్గరి పోస్టు ముందు ఎవరూ ఉండేవారు కాదు. అందరూ తలో మనిషిని పట్టుకుని వాడి వెంట పరుగెత్తేవారు. ఆ ఖాళీ మూలలోకి అవతలివాడు బంతి విసరడం, ఒకడొచ్చి తల ఆనించడం, గోల్. మూడు మ్యాచ్‌లలో నాలుగు గోల్స్ అచ్చంగా అక్కడే తిన్నారు. ఫ్రీ కిక్ వరసలో నలుగురూ వీపులు తిప్పేవాళ్ళు.

"బంతి వైపు చూడండ్రా! మీ మొహాలకేం కాదు!" అని అరిచేవాడు గోడ.

"అక్కడ ఖాళీ ఉందిరా సన్నాసుల్లారా!" అని అత్తగారు అతనికంటే గట్టిగా అరిచేది. అల్లుడితో మాటలు మొదలుపెట్టింది అలాగే. ఆ కేకల మధ్యే.

హీరో పనిలోకి వచ్చాక చేసిన మొదటి పని డ్యూటీల పట్టీలో గోడకి వరసగా పన్నెండు తెల్లవారుజాములు బ్రేక్‌డౌన్ డ్యూటీ రాయడం. ఎక్కడ బస్సు ఆగిపోతే అక్కడికి జాకీ మోసుకుని పోవాలి. గోడ ఒక్క మాట అనకుండా చేశాడు. పదమూడో రోజు కూడా తన పేరే చూసి కంట్రోలర్ కూర్చునే గ్లాసుగది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"పన్నెండు చాలు. పన్నెండుకి ఒప్పుకున్నాను మనసులో. పదమూడోది చెయ్యను."

హీరో తలెత్తాడు. చెంప మీద చిన్న సొట్ట మిగిలింది. పెన్ను తీసి ఆ పేరు కొట్టేశాడు. ఇంకొకటి రాశాడు.

"నీ మీద నాకు కోపం పోలేదు" అన్నాడు.

"నాకూ పోలేదు."

"వీడియో చూశాను. పాత మ్యాచ్‌లవి, టైలరు కొడుకు తీసినవి. పదిహేడు సార్లు కింద పడ్డావు నువ్వు. అక్కడికి ఆపేశాను." హీరో పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "ఒకసారైతే నీ మీదినుంచి దాటుకుని వెళ్ళి గోల్ కొట్టిన సంబరం చేసుకున్నాను. నువ్వింకా లేవలేదు."

అది ఏ మ్యాచో గోడకి తెలుసు.

"మాస్టారికి చెప్పాను" అన్నాడు హీరో. "డాక్టరు ఇంకా తలతో కొట్టొద్దన్నాడు. నేను నిలబడతాను. నువ్వు చుట్టి వెళ్ళు."

పదకొండో వారం ముందు బుధవారం ప్రాక్టీసులో అదే జరిగింది. మాస్టారు గీత పక్కన నిలబడి, గోడ కళ్ళలోకి చూడకుండానే ఎవరెక్కడ ఉండాలో చెప్పారు. చెప్పేటప్పుడు మొదటిసారి అందరి ముందూ, "అడ్డం నిలబడేవాడు కదలకూడదు, ముందే వచ్చి ఉండాలి, గోల్‌లో సగం వాడిది" అన్నారు. గోడకి ఆ మాటతో మనసు చల్లబడలేదు. ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చిన మాట అనుకుని ఇంకాస్త మండింది. హీరో చిన్న బాక్సు ముందు నిలబడ్డాడు. దెబ్బ తగలకుండా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకోబోయాడు.

"చేతులు దించు" అన్నాడు గోడ.

కండక్టరు చెయ్యెత్తాడు. గోడ పరుగెత్తి హీరో భుజానికి రాసుకుంటూ చుట్టాడు. కాపలాగా వెంట వచ్చిన టీములోని లావుపాటి మెకానిక్ పోయి హీరో డొక్కలో గుద్దుకున్నాడు. "అమ్మో!" అని హీరో రెండు ముక్కలుగా వంగి కూలబడ్డాడు. గోడకి ఎదురుగా రెండడుగుల ఖాళీ. ఎవడూ లేడు. పదకొండేళ్ళలో ఎన్నడూ చూడని ఖాళీ. బంతి నెమ్మదిగా, చక్కగా, కావాలని పిలిచినట్టు వచ్చింది. గోడ ఎగిరాడు, నుదుటితో కొట్టాడు. బంతి గోల్ మీదినుంచి పోయి షెడ్డు రేకుల మీద ధడేల్మని పడింది.

"ఛీ!" అన్నాడు గోడ. నేలని కాలితో తన్నాడు. తన మీద తనకే ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

హీరో డొక్క పట్టుకుని ఇంకా కిందే కూర్చుని ఉన్నాడు. ఊపిరి అందక, "ఇదా... ఇది ఆరేళ్ళా..." అని గొణుగుతున్నాడు. గోడ వెళ్ళి చెయ్యి అందించాడు. హీరో ఆ చెయ్యి పట్టుకోకుండా తనంతట తనే లేచి, మట్టి దులుపుకుని, మళ్ళీ అదే చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

కండక్టరు మూలన ఇంకో బంతి పెడుతున్నాడు.